ల్యాప్‌టాప్ మీద టైప్ చేస్తుంటే వాచీ బెల్టు ఎందుకు గుచ్చుకుంటుంది?

మధ్యాహ్నం దాటాక ఓసారి స్మార్ట్‌వాచీ తీసి మణికట్టు అటూ ఇటూ తిప్పి చూసుకోండి. అరచేయి వైపు, సరిగ్గా మధ్యలో, నలుచదరంగా ఒక అచ్చు పడి ఉంటే అది బకిల్ పని. చుట్టూతా గాజు వేసి తీసినట్టు ఎర్రటి గీత ఉంటే బెల్టు బిగువైంది. చేతి వెనక వైపు, మణికట్టు మడతకి కాస్త పైన చిన్న గుండ్రటి గుంట కనిపిస్తే మాత్రం బెల్టుది ఏ తప్పూ లేదు, వాచీ పక్కనుండే బుడిపె, అంటే క్రౌన్, గుచ్చుకుంటోంది.

ఈ మూడూ మూడు వేర్వేరు ఇబ్బందులు. కానీ "టైపింగ్‌కి ఏ బెల్టు హాయిగా ఉంటుంది?" అని ఎవరినడిగినా మూడింటినీ ఒకే గాటన కట్టేసి, సిలికాన్ మంచిదా, నైలాన్ మంచిదా, తోలు మంచిదా అనే చర్చలోకి దిగిపోతారు. దేనితో చేశారన్నది తర్వాత చూద్దాం. మణికట్టు అడుగున ఏముంది, అది ఎంత మందంగా, ఎంత గట్టిగా ఉంది అన్నదే అసలు ప్రశ్న.

ఆ అడుగు భాగం గురించి ఇన్నాళ్ళూ ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. వాచీని ఎడమ చేతికి పెట్టుకోవడం, కీ ఇచ్చే బుడిపె కుడి పక్కన ఉండటం, బకిల్ కిందికి పోవడం, ఇదంతా కుడిచేత్తో కలం పట్టి రాసే మనిషికి కుదిరిన ఏర్పాటు. రాసే చెయ్యి ఖాళీగా ఉంటుంది. రెండో చెయ్యి కాగితం కదలకుండా పట్టుకుంటే చాలు. అందుకని బకిల్ లాంటి ఎగుడుదిగుడు సామానంతా కంటికి ఆనని చోట, మణికట్టు అడుగున సర్దేశారు. టైపింగ్‌లో అలా కుదరదు. రెండు చేతులూ రాసే చేతులే. పైగా రెండూ బోర్లా పడుకుని ఉంటాయి.

దీనికి తోడు ల్యాప్‌టాప్ ఆకారం. మొదట్లో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి కీబోర్డు ముందు అంచుకే ఉండేది, చేతులు బల్ల మీదో గాల్లోనో ఉండేవి. 1991లో యాపిల్ తెచ్చిన పవర్‌బుక్‌లలో కీబోర్డును తెర వైపుకి జరిపి, ముందు భాగంలో ట్రాక్‌బాల్, దానికి అటూ ఇటూ చేతులు ఆనించుకునే జాగా ఇచ్చారు. ఆ అమరికే తర్వాత అందరిదీ అయింది. ట్రాక్‌బాల్ పోయి ట్రాక్‌ప్యాడ్ వచ్చింది కానీ చేతుల చోటు మాత్రం అలాగే ఉంది. అంటే వాచీ తయారుచేసినవాళ్ళు ఏదీ తగలదని వదిలేసిన చోటూ, ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్ళు చెయ్యి ఆనించుకొమ్మన్న చోటూ ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. మధ్యలో నలిగేది మన చెయ్యి.

చెయ్యి లోపల ఏముందో కూడా కొంచెం చూడాలి. అరచేతి మొదట్లో ఒక ఇరుకు సందు ఉంటుంది. కింద ఎముకలు, పైన మందపాటి పట్టీ లాంటి కణజాలం, మధ్యలోంచి వేళ్ళను ముడిచే తొమ్మిది టెండన్లు (కండని ఎముకకి కలిపే తాళ్ళు), వాటితో పాటు మీడియన్ అనే నరం వెళ్తాయి. కార్పల్ టన్నెల్ అంటే ఇదే. చిటికెన వేలి వైపు అల్నార్ నరం మరో సందులోంచి పోతుంది. వాచీ బెల్టు సరిగ్గా ఈ సందుల మీద ఉండదు, కాస్త వెనక, ముంజేతి వైపు ఉంటుంది. అయితే అక్కడ కూడా నరాలూ టెండన్లూ చర్మానికి బాగా దగ్గరే. కండ కూడా తక్కువ. చెయ్యి వెల్లకిలా తిప్పి పిడికిలి బిగిస్తే తాళ్ళలా పైకి లేచేవి ఆ టెండన్లే.

బకిల్ వల్ల కార్పల్ టన్నెల్ జబ్బు వస్తుందని చెప్పడం లేదు. మామూలుగా అరచేతి మొదలంతా పరుచుకోవాల్సిన బరువు వేలిగోరంత లోహపు ముక్క మీద పడుతుందని మాత్రమే అంటున్నాను. బరువు అదే, ఆనే చోటు చిన్నదైంది, కాబట్టి ఒత్తిడి పెరిగింది. చెప్పులో రాయి ఎంత చిన్నదైనా నడవనివ్వదు, ఇదీ అంతే. తిమ్మిరి మాట వేరు. బొటనవేలి నుంచి మధ్యవేలి దాకా గానీ, చిటికెన వేలి వైపు గానీ తరచూ తిమ్మిరెక్కుతుంటే, వాచీ తీసేసినా తగ్గకపోతే, రాత్రిళ్ళు నిద్రలేపుతుంటే బెల్టులు మార్చుకుంటూ కూర్చోకుండా డాక్టరుకి చూపించుకోవాలి.

ఇక బెల్టుల సంగతి. అడుగున ఏముంటుందన్న ఒక్క లెక్కతోనే చూద్దాం.

అన్నిటికంటే పాతది ముల్లూ రంధ్రాలూ ఉన్న మామూలు బకిల్. ఒక చివర చట్రం, దాని మీద రెండో చివర, ఆ మిగిలిన తోకను పట్టి ఉంచే ఉంగరం. అంటే రెండు పొరల బెల్టు, దాని పైన లోహం. తోలు ఎంత మెత్తగా ఉన్నా బకిల్ బకిలే. ఈ రకం నచ్చనివాళ్ళు చాలాసార్లు "తోలు పడలేదు, రబ్బరు తీసుకుంటాను" అని మళ్ళీ అదే బకిల్ ఉన్న రబ్బరు బెల్టు తెచ్చుకుంటారు. నేనూ అదే చేశాను, రెండుసార్లు.

యాపిల్ స్పోర్ట్ బ్యాండ్ లాంటి వాటిలో చట్రం ఉండదు. ఒక గుండీ రంధ్రంలోకి దిగుతుంది, మిగిలిన తోక బెల్టు లోపలికి దూరిపోతుంది. బకిల్ కంటే ఇది చాలా నయం. గట్టి అంచు తగలదు. కాకపోతే తోక లోపల దాక్కున్నంత మేరా రెండు పొరలు, రబ్బరు మీద రబ్బరు, చర్మానికి గాలాడదు. ఆ తోక చర్మాన్ని అంటుకుని, చెమట పట్టాక తీస్తుంటే చిరాకు.

లోహపు గొలుసు బెల్టులది టైపింగ్ విషయంలో ఆఖరి స్థానం. మడతపడే క్లాస్ప్, అంటే బెల్టును మూసే కొక్కెం, మొత్తం అడుగునే ఉంటుంది, రెండు మూడు రేకులు ఒకదాని మీద ఒకటి. దీనికి ఇంకో రెండు తలనొప్పులున్నాయి. ఒకటి శబ్దం. స్పేస్‌బార్ నొక్కిన ప్రతిసారీ, చెయ్యి జరిపిన ప్రతిసారీ టక్ మంటుంది. మనకి అలవాటైపోతుంది కానీ, కాల్‌లో అవతల ఉన్నవాళ్ళకి మైకు దాన్ని చక్కగా వినిపిస్తుంది. రెండోది గీతలు. అల్యూమినియం ల్యాప్‌టాప్‌ల మీద ఆనడైజింగ్ చేసిన పొర గట్టిదే, కానీ పలుచన. దాని కింది లోహం మెత్తన. స్టీలు అంచు రోజూ ఒకే చోట రాసుకుంటూ ఉంటే ఆ చోటు మెరుపెక్కుతుంది, తర్వాత గీతలు తేలతాయి. ఎడమ వైపు మాత్రమే గీతలున్న సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కనబడితే పాత యజమాని ఏ బెల్టు వాడేవాడో చెప్పొచ్చు.

సన్నటి స్టీలు జాలీతో అల్లిన మిలనీస్ బెల్టులు పలచగా ఉంటాయి, అయస్కాంతంతో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతాయి. చూస్తే టైపింగ్‌కి ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించి కొన్నాను. వారం తిరక్కుండానే ల్యాప్‌టాప్ రోజుకి నాలుగైదుసార్లు ఉన్నట్టుండి నల్లబడిపోవడం మొదలైంది. మీటింగ్ మధ్యలో ఒకసారి, సేవ్ చేయని ఫైలుతో ఒకసారి. చార్జర్ మార్చాను, అప్‌డేట్లు చేశాను, బ్యాటరీ పోయిందేమోనని టెన్షన్ పడ్డాను. మూడో రోజు, తెర ఆరిపోయిందని విసుగ్గా ఎడమ చెయ్యి పైకెత్తగానే వెలిగింది. చెయ్యి దింపాను, ఆరిపోయింది. మళ్ళీ ఎత్తాను, వెలిగింది. అలా ఓ పదిసార్లు ఎత్తి దింపి ఉంటాను, చూసేవాళ్ళకి ఏమనిపించిందో గానీ.

విషయం చాలా మామూలుది. మూత మూశామని ల్యాప్‌టాప్‌కి తెలియాలి కదా, అందుకోసం తెర చట్రంలో చిన్న అయస్కాంతం, దానికి ఎదురుగా కీబోర్డు ఉండే భాగంలో దాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ లాంటిది పెడతారు. చాలా మోడళ్ళలో ఆ సెన్సర్ చేతులు ఆనించే చోటికి దగ్గర్లోనే ఉంటుంది. మన బెల్టులోని అయస్కాంతం దాని మీదికి రాగానే మూత పడిందనుకుని ల్యాప్‌టాప్ నిద్రపోతుంది. అది ఎక్కడుందో మోడల్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఒకరికి వచ్చిన ఇబ్బంది ఇంకొకరికి రాదు. అయస్కాంతం బెల్టు కొనే ముందు ఫ్రిజ్ మీద అంటించే ఓ చిన్న అయస్కాంతాన్ని చేతులు ఆనించే ఆ చోట గీతలు పడకుండా మెల్లగా జరిపి చూస్తే తెలిసిపోతుంది. అన్నట్టు, అయస్కాంతపు బెల్టులు వాచీలోని దిక్సూచిని కూడా తప్పుదారి పట్టించగలవు. టైపింగ్‌కి దాంతో పని లేదనుకోండి.

మిగిలినవి రెండు రకాలు. అసలు పోటీ వీటి మధ్యే.

మొదటిది వెల్క్రో నైలాన్. ఇందులో గట్టి వస్తువు అడుగున దాదాపు ఉండదు, అల్లిక మీద అల్లిక అంతే. దీని గొప్ప అంతా బిగువు సర్దుకోవడంలో ఉంది. రంధ్రాల బెల్టుకి మెట్లుంటాయి. ఒక రంధ్రంలో పెడితే బిగువు, పక్క రంధ్రంలో పెడితే వదులు, మన చెయ్యి ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. పైగా అదే మణికట్టు పొద్దున ఒకలా, ఎండకి ఒకలా, ఉప్పు ఎక్కువ తిన్న రోజు ఒకలా ఉంటుంది. వెల్క్రోకి మెట్లు లేవు, వెంట్రుకవాసి వదులు చేయాలన్నా చేయొచ్చు. దోషాలూ ఉన్నాయి. కొక్కేల వైపు అంచు ఒక్కోసారి స్వెట్టర్ చేతిని పట్టుకుంటుంది, కొన్నాళ్ళకి దూది పేరుకుని పట్టు తగ్గుతుంది. చౌక రకాల్లో చివర కుట్టు గట్టిగా ఉండి అదే గుచ్చుకుంటుంది. కొనేటప్పుడు అడుగున పడే చివరను పెదవి మీద రాసి చూడండి. వేలికి తెలియని గరుకు పెదవికి తెలుస్తుంది.

రెండోది అతుకే లేని సాగే బెల్టు. 2020లో యాపిల్ సోలో లూప్ పేరుతో తెచ్చింది. ఒకటి పూర్తిగా సిలికాన్, ఇంకోటి పాలిస్టర్ దారాల అల్లికలో సన్నటి సిలికాన్ దారాలు కలిపినది. గాజు ఎక్కించినట్టు చేతిలోంచి ఎక్కించడమే. బకిల్ లేదు, గుండీ లేదు, రెండో పొర లేదు. టైపింగ్ ఒక్కటే చూస్తే నా ఓటు అల్లిక రకానికి, అనుమానం లేకుండా. కానీ ఇందులో సర్దుబాటు సున్నా. సైజు తప్పితే ఇక అంతే సంగతులు. అందుకే 1 నుంచి 12 దాకా సైజులు పెట్టారు. పైగా అల్లిక రకం వాడకంలో సాగుతుంది. మొదటి రోజు హాయిగా అనిపించింది నెల తిరిగేసరికి జారుతుంది. రెండు సైజుల మధ్య పడితే చిన్నదే తీసుకోవాలని అందుకే అంటారు. నా చేతికి కొలిచింది కొలిచినట్టే తెచ్చుకున్న బెల్టు మూడు నెలలకి మణికట్టు ఎముక దాటి కిందికి దిగడం మొదలుపెట్టింది. ఇప్పుడు అది కూర్చుని పని చేసేటప్పుడే పనికొస్తోంది, నడిస్తే గిర్రున తిరిగిపోతోంది.

బిగువు మాట వచ్చింది కాబట్టి సెన్సర్ గురించి చెప్పాలి. చాలామంది గుండె లెక్క తప్పిపోతుందని టైపింగ్‌లో కూడా వాచీని బిగించే ఉంచుతారు. వాచీ వెనక ఆకుపచ్చ లైట్లు చర్మంలోకి వెలుగు పంపితే, రక్తం పొంగినప్పుడల్లా తిరిగి వచ్చే వెలుగులో తేడాని సెన్సర్ చదువుతుంది. వాచీ ఊగితే, సందులోంచి బయటి వెలుతురు దూరితే లెక్క చెడుతుంది. పరుగెత్తేటప్పుడు అందుకే బిగించాలి. కూర్చున్న మనిషికి అంత అవసరం లేదు. వాచీ అడుగు చర్మాన్ని తాకుతూ ఉంటే చాలు. బాగా బిగించడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. బొటనవేలి వైపు చర్మం కిందే పోయే ఒక నరం కొమ్మ బిగువు బెల్టు కింద నలిగితే చేతి వెనక, బొటనవేలి మొదట్లో మంటగా, మొద్దుగా అనిపిస్తుంది. దీనికి వార్టెన్‌బర్గ్ సిండ్రోమ్ అని పేరు. బేడీలు వేసిన చేతుల్లో కూడా కనిపించే ఇబ్బంది ఇది. వాచీని బేడీలా పెట్టుకోకూడదనడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ లేదు.

వెంటనే కొత్త బెల్టు కొనే ఉద్దేశం లేనివాళ్ళు ఉన్నదాన్నే జరిపి చూడొచ్చు. వాచీని మణికట్టు ఎముక మీదో, దాని ముందో పెట్టుకునేవాళ్ళే ఎక్కువ. దాన్ని ఎముకకి వెనక్కి, రెండు వేళ్ళ వెడల్పు ముంజేతి పైకి జరపండి. బెల్టు ల్యాప్‌టాప్ అంచు దాటి వెనక్కి వచ్చేస్తుంది. క్రౌన్ గుంట సమస్య కూడా చాలావరకు దీంతోనే పోతుంది. పోకపోతే వాచీని తిప్పి, క్రౌన్ మోచేతి వైపు వచ్చేలా పెట్టుకోండి. చాలా వాచీల సెట్టింగ్స్‌లో ఏ చేతికి, బటన్లు ఏ వైపు అని చెప్పే వీలుంది, చెబితే తెర దానంతటదే తిరుగుతుంది. మీటింగ్ మధ్యలో చేతి మడతకి బటన్ నొక్కుకుపోయి వాచీ మాట్లాడటం మొదలుపెట్టే ముచ్చట కూడా దీంతో తీరిపోతుంది.

బకిల్ బెల్టే వాడాలనుకునేవాళ్ళకి ఇంకో ఉపాయం ఉంది, దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ. రెండు ముక్కల బెల్టులో బకిల్ ఉన్న పొట్టి ముక్క మామూలుగా తెరలో 12 ఉండే వైపు తగులుతుంది. ఎడమ చేతికి పెట్టుకుంటే అది చిటికెన వేలి వైపు నుంచి కిందికి దిగుతుంది. మనం టైప్ చేసేటప్పుడు చెయ్యి పూర్తిగా బోర్లా పడదు, కొంచెం చిటికెన వేలి వైపుకి ఒరిగే ఉంటుంది. బరువంతా ఆ వైపే. పొట్టి ముక్క మరీ పొట్టిదైతే బకిల్ సరిగ్గా బరువు పడే చోట ఆగుతుంది. అది కాస్త పొడుగైతే బకిల్ బొటనవేలి వైపుకి జరిగి, బల్లకి తగలకుండా గాల్లో ఉండిపోతుంది. బెల్టుల పొడవు 75/115, 80/120 అని మిల్లీమీటర్లలో రెండు అంకెలుగా రాస్తారు. చిన్న అంకె బకిల్ ముక్కది. ఐదు మిల్లీమీటర్ల తేడాతో బకిల్ ఎటు పోయిందో చెయ్యి ఆనించగానే తెలిసిపోతుంది.

ఇప్పుడు మెటీరియల్ గురించి, క్లుప్తంగా. రబ్బరులా కనిపించేవన్నీ సిలికాన్ కావు. యాపిల్ స్పోర్ట్ బ్యాండ్ ఫ్లోరోఎలాస్టోమర్ అనే మరో రకం కృత్రిమ రబ్బరు, సోలో లూప్ సిలికాన్. ఏదైనా గాలి ఆడనివ్వదు. టైపింగ్‌లో చెయ్యి కదలకుండా గంటలకొద్దీ ఒకే చోట ఆని ఉంటుంది కాబట్టి చెమట, దానికి చేతులు కడిగినప్పుడు మిగిలిన సబ్బు తోడై అడుగున దురద మొదలవుతుంది. చాలాసార్లు అది ఎలర్జీ కాదు, తడికి చర్మం ఒరుసుకుపోవడమే. కడిగి, తుడిచి, చెయ్యి ఆరాక పెట్టుకుంటే తగ్గుతుంది. తగ్గకుండా దద్దుర్లు బకిల్ ఆకారంలోనే వస్తుంటే నికెల్ పడట్లేదేమో అనుమానించాలి. ఇది చిన్న విషయమేమీ కాదు. 2014లో ఫిట్‌బిట్ తన ఫోర్స్ బ్యాండ్లను చర్మం కమిలిపోతోందన్న ఫిర్యాదుల మీదే వెనక్కి తీసుకుంది. నైలాన్ చెమట పీల్చుకుంటుంది, ఆరడానికి టైమ్ పడుతుంది, ఉతక్కపోతే వాసన. తోలు మొదట్లో హాయి, చెమట తాగిన కొద్దీ గట్టిపడుతుంది.

కొనే ముందు వాచీకి ఏ బెల్టు పడుతుందో చూసుకోవాలి. గెలాక్సీ వాచ్ 4, 5, 6లకి 20 మిల్లీమీటర్ల మామూలు బెల్టు పడుతుంది. యాపిల్, పిక్సెల్ వాచీలకి వాటి సొంత బిగింపు, గార్మిన్‌లో కొన్నిటికి క్విక్‌ఫిట్ అనే దాని సొంత బిగింపు. బెల్టు వెనక చిన్న పుల్లలాంటి మీట ఉంటే అది క్విక్ రిలీజ్, గోరుతో లాగితే ఊడి వస్తుంది.

అలా క్షణాల్లో ఊడి వస్తున్నప్పుడు ఒకే బెల్టు అన్ని పనులకీ సరిపోవాలని పట్టుబట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. నా డ్రాయర్‌లో ఇప్పుడు రెండున్నాయి. బయటికి వెళ్ళేటప్పుడు వెల్క్రో. సాగిపోయిన అల్లిక బెల్టు ల్యాప్‌టాప్ పక్కనే. ఇది రాస్తున్నంతసేపూ చేతికి ఉన్నది అదే. ఇందాక తీసి చూస్తే అడుగున అల్లిక గళ్ళు లేతగా అచ్చుపడి ఉన్నాయి, చూస్తుండగానే చెరిగిపోయాయి. చేతి వెనక క్రౌన్ గుంట మాత్రం ఇంకా ఉంది. వాచీ మళ్ళీ కిందికి జారినట్టుంది.